ఆపరేషన్ తర్వాత మోషన్ సాఫీగా రావాలంటే: మొదటి రోజు నుంచి ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"మేడమ్, అమ్మకి ఆపరేషన్ అయి ఐదు రోజులైంది. ఇంకా దొడ్డికి పోలేదు. ఏం చేయాల?"

తిరుపతిలో ఆపరేషన్ వార్డు డ్యూటీ మానేసి చాలా కాలమైనా ఈ ఫోన్ మాత్రం ఆగలేదు. ఎక్కువగా రాత్రి ఎనిమిది దాటాకే వస్తుంది, మెడికల్ షాపు మూసేలోపు ఏదో ఒక మందు పేరు చెప్పమని. నేను పేరు చెప్పకుండా మూడు ప్రశ్నలు వేస్తాను. గ్యాస్ పోతోందా? వాంతులున్నాయా? నొప్పికి ఏ మాత్ర వేస్తున్నారు? సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. ఐదో రోజున వెతికే మందు కంటే మొదటి రోజున వేసే నాలుగడుగులే ఎక్కువ పని చేస్తాయి. వరస తప్పితే మంచి తిండి కూడా ఇబ్బంది పెడుతుంది.

## 1. మీది ఏ ఆపరేషనో ముందు చూసుకోండి

హెర్నియా, గాల్‌బ్లాడర్, అపెండిక్స్, గర్భసంచి, సిజేరియన్, మోకాలి ఆపరేషన్ వంటివాటికి ఈ పద్ధతి సరిపోతుంది.

పేగు కోసి కుట్టినవాళ్లు, మోషన్ బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టినవాళ్లు, మలద్వారం దగ్గర పెద్ద ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం తిండి, మందుల విషయంలో తమ సర్జన్ రాసిచ్చిన కాగితమే పాటించాలి. ప్రమాద సూచనలు చెప్పిన 10వ భాగం అందరిదీ.

గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు, కింద "నీళ్లు" అని ఉన్నచోటల్లా మీ డాక్టర్ చెప్పిన కొలతే చదువుకోండి.

## 2. అడ్మిట్ అయ్యే ముందే సర్దుకోవాల్సినవి

బ్యాగులో దుప్పట్లు, ఫ్లాస్కు పెట్టుకుంటారు గానీ ఇవి ఎవరూ పెట్టుకోరు:

- గ్లాసులు లెక్కపెట్టడానికి వీలుగా ఒక లీటరు సీసా
- చిన్న నోటు పుస్తకం. గ్యాస్ ఎప్పుడు పోయింది, మోషన్ ఎప్పుడు వచ్చింది, ఏ మాత్ర ఎన్నిసార్లు వేశారు అని రాయడానికి
- కడుపుకి ఆనించుకోవడానికి ఒక చిన్న దిండు
- ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ఉంటే కాళ్ల కింద వేసుకునే పీట, జానెడు ఎత్తుది
- వెస్టర్న్ లేకపోతే మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ. కొనక్కర్లేదు, సర్జికల్ సామాన్ల షాపుల్లో అద్దెకు అడిగి చూడండి

ఆపరేషన్‌కు ముందే మలబద్ధకం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌తో చెప్పండి. సిగ్గుపడి దాచేది ఇదొక్కటే, తర్వాత ఏడిపించేదీ ఇదే. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతున్నా చెప్పండి. రెండూ మోషన్‌ను గట్టిపరుస్తాయి.

## 3. మొదటి రోజు: గ్యాస్ కోసం ఎదురుచూపు

మత్తుమందు, ఆపరేషన్‌లో పేగులను కదిలించడం, నొప్పి మందులు కలిసి పేగును కాసేపు నిద్రపుచ్చుతాయి. పొట్ట తెరిచిన ఆపరేషన్‌లో చిన్నపేగు ఒక రోజులోపే కదలడం మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దపేగు అన్నిటికంటే ఆలస్యంగా, రెండు మూడు రోజులకు మేలుకుంటుంది. అందుకే రౌండ్స్‌కొచ్చిన డాక్టర్ "గ్యాస్ పోయిందా అమ్మా?" అని అడిగేది. మనవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. సిగ్గు పక్కన పెట్టి సమాధానం చెప్పండి.

చిన్న ఆపరేషన్లలో ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదటి మోషన్ రావచ్చు. పొట్ట తెరిచిన పెద్ద ఆపరేషన్లలో మూడు నుంచి ఐదు రోజులు పట్టినా, గ్యాస్ పోతూ, వాంతులు లేకుండా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

ఈ సమయంలో చేయగలిగినవి:

- నీళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో నర్సును అడగండి. సరే అన్నాక గటగటా తాగకుండా గుక్కెడు గుక్కెడుగా తాగండి.
- డాక్టర్ ఒప్పుకుంటే చక్కెర లేని చూయింగ్ గమ్ రోజుకు మూడుసార్లు నమలండి. నములుతుంటే తిండి వస్తోందనుకుని పేగు కదులుతుంది. సిజేరియన్ అయినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కట్టుడు పళ్లున్నవాళ్లకు, ఇంకా మత్తు వదలనివాళ్లకు వద్దు.
- పడుకునే మోకాళ్లు మడిచి, ఊపిరి నిదానంగా తీసి వదలండి. పాదాలు కిందికీ మీదికీ ఆడించండి.

ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అయినవాళ్లకు భుజం నొప్పి పుట్టొచ్చు. దాన్ని "గ్యాస్ పట్టేసింది" అని సోడా తాగిస్తారు. అది పేగులో గ్యాస్ కాదు. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత లోపల మిగిలి, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కింద చేరి భుజంలో నొప్పిగా తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో ఒళ్లు దాన్ని పీల్చేసుకుంటుంది. సోడా తాగితే ఉబ్బరం రెండింతలవడం తప్ప లాభం లేదు. భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, ఆయాసం ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే నర్సును పిలవాలి.

## 4. మంచం దిగడం, నడవడం

"పాపం, పచ్చి కుట్లు, కదిలించొద్దు" అని చుట్టూ కూర్చునే బంధువులతోనే వార్డులో మాకు ఎక్కువ గొడవ. కదలకపోతే పేగూ కదలదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అదనం.

లేచే పద్ధతి:

1. వెల్లకిల నుంచి నేరుగా లేవకండి. మోకాళ్లు మడిచి పూర్తిగా పక్కకు తిరగండి.
2. కాళ్లు మంచం కిందికి జారవిడవండి.
3. అదే ఊపులో మోచేత్తో, అరచేత్తో నెట్టుకుంటూ కూర్చోండి. పొట్ట బిగించవద్దు.
4. రెండు నిమిషాలు అలాగే కూర్చోండి. కళ్లు తిరగకపోతేనే నిలబడండి.
5. మొదటిసారి పక్కన మనిషి తప్పకుండా ఉండాలి.

డాక్టర్ లేవమన్న పూటే మొదలుపెట్టి, మేలుకుని ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు నడవండి. ఒకేసారి అరగంట నడిచి పడిపోవడం కంటే ఇది మేలు. ఇంటికొచ్చాక ఎండాకాలమైతే మన ఊళ్లో పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు దాటాకే వరండాలో తిరగండి. చెమట పోతే ఒంట్లో నీరు తగ్గి మోషన్ ఇంకా గట్టిపడుతుంది.

## 5. నొప్పి మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి

ఐదో రోజు ఫోన్ చేసిన ఆ అబ్బాయిని స్ట్రిప్ వెనక అక్షరాలు చదవమన్నాను. "పారాసిటమాల్ 325, ఇంకోటేదో ఉంది మేడమ్, ట్ర... ట్రమడాల్ 37.5." రోజుకు మూడు వేస్తున్నారు. దాంతో పాటు పాత ఐరన్ మాత్ర నడుస్తోంది. డిశ్చార్జి కాగితంలో మోషన్ సిరప్ కూడా రాసి ఉంది, సీసా మూత విప్పలేదు. "మోషన్ టైట్ అయితే వేద్దామని పక్కన పెట్టినాం" అన్నాడు.

ట్రమడాల్, కోడీన్, మార్ఫిన్ జాతి మందులు నొప్పిని ఎంత బాగా తగ్గిస్తాయో పేగునూ అంత బాగా ఆపేస్తాయి. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా మోషన్‌ను బిగించేదే. అందుకని:

- ఈ మందులు ఉంటే, మోషన్ మందు కూడా అదే రోజు నుంచి కావాలా అని డాక్టర్‌ను అడగండి. బిగుసుకున్నాక వదులు చేయడం కంటే బిగియకుండా చూసుకోవడం సులువు.
- నొప్పి తగ్గుతున్న కొద్దీ ఉత్త పారాసిటమాల్‌కు మారొచ్చా అని అడగండి. పారాసిటమాల్ మోషన్‌ను బిగించదు. రెండు స్ట్రిప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటే డోసు రెండింతలవుతుంది, అది చూసుకోండి.
- నొప్పి మాత్ర మీ అంతట మీరు మానేయకండి. నొప్పి ఉంటే నడవరు, నడవకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.
- ఐరన్ మాత్ర కొన్నాళ్లు ఆపొచ్చా అన్నది డాక్టర్‌నే అడగండి. రక్తం బాగా తక్కువున్నవాళ్లకు ఆపరు.

## 6. తిండి: ఏది ముందు, ఏది తర్వాత

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి, వంకాయ దురద, ఆకుకూర వద్దు, పెరుగు జలుబు. చివరికి మిగిలేది బ్రెడ్డు, పాలు, తెల్ల ఇడ్లీ, మిరియాల చారన్నం. వీటిలో పీచు లేనట్టే. వారం రోజులు ఇదే పెట్టి, మోషన్ రాలేదని ఆశ్చర్యపోతాం.

చీము పట్టేది క్రిములు చేరడం వల్ల. పప్పు దానికేమీ చేయదు. పైగా గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగులోని ప్రొటీన్ కావాలి.

అలాగని రెండో రోజే గిన్నెడు తోటకూర, ముద్దెడు సంగటి పెట్టడమూ తప్పే. నిద్రలేవని పేగులో పీచు వేస్తే పొట్ట ఉబ్బి, వాంతి అవుతుంది. వరస ఇదీ:

మొదటి మెట్టు, డాక్టర్ ద్రవాలు సరేనన్నాక: నీళ్లు, పలచటి మజ్జిగ, బార్లీ నీళ్లు, వడకట్టిన గంజి. కొబ్బరినీళ్లు కూడా, కిడ్నీ సమస్య లేకపోతే.

రెండో మెట్టు, గ్యాస్ పోతూ వాంతి లేకపోతే: మెత్తటి ఇడ్లీ, పెసరపప్పు కట్టు కలిపిన మెత్తన్నం, పెరుగన్నం, పలచటి రాగిజావ. కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినాలి. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకు డాక్టర్ వద్దనకపోతే పొద్దున ఒక కప్పు ఇవ్వండి. కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది, ఇంత రుచిగల మందు ఇంకోటి లేదు.

మూడో మెట్టు, మొదటి మోషన్ వచ్చాక: సొరకాయ, బీరకాయ, మెత్తగా ఉడికిన ఆకుకూర పప్పు, బాగా మాగిన బొప్పాయి, పండిన అరటి. పచ్చి వాసన పోని అరటికాయ బిగిస్తుంది, చుక్కలు పడ్డ పండు తీసుకోండి. రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్ష పది పన్నెండు పొద్దున ఇవ్వొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు పండ్లను కొలతలో పెట్టుకోవాలి.

నాలుగో మెట్టు, రెండో వారం నుంచి: రాగి సంగటి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 11 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. చిత్తూరు వైపు సంగటి ముద్దను నమలకుండా పులుసులో ముంచి మింగడం అలవాటు. కొన్నాళ్లు చిన్న ముద్దలు చేసి నమిలి తినండి. పక్కన పుల్లగూర పెట్టుకోండి. చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) ఘాటు తగ్గించి చేస్తే పర్వాలేదు, లేకపోతే ఇంకో వారం ఆగండి.

నీళ్లు రోజంతటికీ రెండు లీటర్ల దగ్గర ఉండాలి. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే లోపల పిడచకడుతుంది. సీసాలో ఎంత మిగిలిందో చూసుకుంటే చాలు, గ్లాసులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు ఇంకో మాట. తిరుగు ప్రయాణంలో బాత్రూమ్ దొరకదని పొద్దున్నుంచి నీళ్లు మానేస్తారు. వచ్చిన మోషన్‌నూ ఆపుకుంటారు. డిశ్చార్జి రోజు బయల్దేరే ముందు టాయిలెట్‌కు వెళ్లండి, దారిలో ఆపమని డ్రైవర్‌కు ముందే చెప్పి, నీళ్లు తాగుతూ రండి.

పలకరించడానికి వచ్చేవాళ్లు తెచ్చే పలావు, బేకరీ బిస్కెట్లు, మైసూర్‌పాక్ వంటింట్లో పెట్టేయండి. లడ్డూ ప్రసాదమైతే కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోండి.

## 7. టాయిలెట్‌లో కూర్చునే పద్ధతి

టిఫిన్ తిన్న పదిహేను నిమిషాల నుంచి అరగంట లోపు పేగు దానంతటదే కదులుతుంది. ఆ సమయాన్ని వదలకండి. మోషన్ వచ్చేలా లేకపోయినా రోజూ వెళ్లి కూర్చోండి.

1. పాదాలు పీట మీద పెట్టి, మోకాళ్లు తుంటి కంటే కాస్త పైకి వచ్చేలా చూసుకోండి.
2. ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి.
3. పొట్ట మీద కుట్లు ఉంటే దిండు మెత్తగా అదిమి పట్టుకోండి.
4. ఊపిరి బిగబట్టి ముక్కకండి. నోరు కొంచెం తెరిచి, వేడి కాఫీ ఊదినట్టు నిదానంగా వదలండి.
5. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి. ఫోను లోపలికి తీసుకెళ్లకండి, పది నిమిషాలు నలభై అవుతాయి.

తుంటి మార్పిడి అయినవాళ్లు పీట వాడకూడదు. తుంటి 90 డిగ్రీలు దాటి వంగకుండా చూసుకోమని బర్డ్ వంటి ఎముకల ఆసుపత్రుల్లో చెబుతారు కదా, వాళ్లకు ఎత్తు పెంచిన సీటే కావాలి. మోకాలి ఆపరేషన్, హెర్నియా అయినవాళ్లు నేల మీద గొంతుక్కూర్చునే టాయిలెట్‌కు డాక్టర్ చెప్పేదాకా వెళ్లొద్దు.

పైల్స్, ఫిషర్ ఆపరేషన్ అయినవాళ్లకు మొదటి మోషన్ అంటే వణుకు. భయంతో తిండి మానేస్తారు, మోషన్ రాయిలా మారుతుంది, భయం నిజమవుతుంది. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర మోషన్‌కు అరగంట, ముప్పావుగంట ముందు పడేలా చూసుకోండి. అయ్యాక గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చోండి. కొద్దిగా రక్తం మరకలా కనిపించడం మామూలే. ధారగా కారితే మామూలు కాదు.

## 8. మందులు: మెట్టు మెట్టుగా

డాక్టర్ రాసిచ్చినదే వాడాలి. ఏది ఎంతసేపటికి పని చేస్తుందో తెలిస్తే అనవసరంగా రెండో డోసు వేయరు, అందుకే రాస్తున్నాను.

- లాక్టులోజ్ సిరప్: పేగులోకి నీటిని లాగి మోషన్‌ను మెత్తబరుస్తుంది. ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదట్లో ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి.
- పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి: నిండు గ్లాసు నీళ్లలో కలిపి తాగేది. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. గ్యాస్ తక్కువ.
- బిసకోడిల్, సునాముఖి మాత్రలు: పేగును కదిలిస్తాయి. రాత్రి వేస్తే పొద్దుటికి, అంటే 6 నుంచి 12 గంటల్లో. మెలిపెట్టే నొప్పి రావచ్చు.
- గ్లిసరిన్ సపోజిటరీ: మలద్వారంలో పెట్టేది. పావుగంట నుంచి గంటలోపు పని చేస్తుంది. ఎడమ పక్కకు తిరిగి, కుడి మోకాలు మడిచి, మొన ఉన్న వైపు ముందుగా పెట్టాలి. మన ఎండలకు కవర్‌లోనే మెత్తబడిపోతుంది, విప్పకముందే ఐదు నిమిషాలు చల్లటి నీళ్లలో వేయండి. మలద్వారం, పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్‌ను అడక్కుండా సపోజిటరీ, ఎనిమా ఏదీ పెట్టకూడదు.
- ఇసబ్గోల్: మంచిదే, దాని సమయంలో. ట్రమడాల్ జాతి మాత్రలు ఆగి, నీళ్లు బాగా తాగుతూ, మోషన్ ఒకసారి వచ్చాకే మొదలుపెట్టాలి. కలపగానే తాగి, మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి.

మెగ్నీషియం ఉన్న తెల్ల సిరప్‌లు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు వద్దు. లిక్విడ్ పారఫిన్ కలిసినవి మంచాన పడుకుని ఉన్న పెద్దవాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

ఆముదం తాగించడం. అవ్వ చెప్పిందని, కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే నోట్లో ఆముదం పోస్తారు. పేగు మెలిపెట్టి, విరేచనాలై, ఒంట్లో నీరంతా పోతుంది. పోసేశారా? ఓఆర్ఎస్ తాగిస్తూ డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి.

నీళ్లలా కారుతోందని విరేచనాల మాత్ర వేయడం. నాలుగైదు రోజులు రాక, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలా కారుతుంటే లోపల గట్టి గడ్డ అడ్డుపడి, దాని పక్కనుంచి నీరు జారుతూ ఉండొచ్చు. ఆపే మాత్ర వేస్తే పూర్తిగా బిగుస్తుంది. డాక్టర్ చెయ్యి పెట్టి చూసి తేల్చాల్సిన విషయం ఇది.

కొత్త గాయం ఉన్న పొట్ట మీద నూనె రాసి రుద్దడం. వద్దు. నడక చాలు.

ఒక్కసారి రాగానే అన్నీ ఆపేయడం. ట్రమడాల్ ఇంకా నడుస్తుంటే మోషన్ మందూ నడవాలి.

## 10. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

- గ్యాస్ కూడా పోకుండా పొట్ట బిగుసుకుని ఉబ్బడం
- ఆగని వాంతులు, ముఖ్యంగా ఆకుపచ్చగా
- తగ్గాల్సిన నొప్పి రోజురోజుకీ పెరగడం
- 101 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల నుంచి చీము
- రక్తం ధారగా పోవడం, తారులా నల్లగా జిగటగా మోషన్ (ఐరన్ మాత్రకూ నల్లగానే వస్తుంది, ఆ మాత్ర వాడుతున్నారని చెప్పండి)
- ఒక కాలి పిక్క వాచి నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి
- యాంటీబయాటిక్ వాడుతుండగా రోజుకు మూడు నాలుగుసార్లు మించి నీళ్ల విరేచనాలు

వీటిలో ఏదున్నా మోషన్ మందు వేసి చూద్దామనుకోవద్దు. ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేయండి. ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే 108.

ఇవేవీ లేకుండా, ఇంటికొచ్చి మందు వాడుతూ కూడా మూడు రోజులు మోషన్ రాకపోతే నాలుగో రోజు డాక్టర్‌కు చెప్పండి. నోటు పుస్తకం తీసుకెళ్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

## 11. మందు తగ్గించడం, మామూలు పనుల్లో పడటం

మోషన్ అరటిపండులా మెత్తగా, ముక్కకుండా వస్తుంటే మందు పని చేస్తున్నట్టు. మేకపెంటికల్లా వస్తే నీళ్లు, మందు చాలడం లేదు. జారుగా వస్తుంటే డోసు తగ్గించే సమయం వచ్చింది. ట్రమడాల్ ఆగిన తర్వాత మూడు నాలుగు రోజులు చూసుకుని, డాక్టర్‌ను అడిగి మోషన్ మందును రోజు మార్చి రోజుకు, తర్వాత పూర్తిగా మానొచ్చు. రోజూ రాకపోయినా ఫర్వాలేదు. మీకు మునుపు రెండు రోజులకోసారి వచ్చే అలవాటుంటే అదే మీ మామూలు.

గాల్‌బ్లాడర్ తీసేసినవాళ్లకు కొన్ని వారాలు కొవ్వు తిన్నప్పుడల్లా జారుగా రావచ్చు. నెయ్యి, వేపుడు తగ్గించి చూడండి.

పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డను మించిన బరువు సుమారు ఆరు వారాలు ఎత్తవద్దు. పెద్ద ఆపరేషనైతే ఇంకా ఎక్కువే చెబుతారు.

ఇక మొక్కు సంగతి. ఆపరేషన్ బాగా జరిగితే నడిచి కొండెక్కుతామని మొక్కుకోని ఇల్లు మా ఊళ్లో అరుదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మూడో వారంలోనే బయల్దేరిన మనిషిని గాలిగోపురం దగ్గర పొట్ట పట్టుకుని కూర్చోగా చూశాను. రివ్యూలో "మెట్లెక్కొచ్చా" అని సూటిగా అడగండి. అప్పటిదాకా, పొద్దున కాఫీ తర్వాత వరండాలో పది చుట్లు.